మేనత్త పేరు

దర్శికి తొమ్మిది కిలోమీటర్ల అవతల, మిరప కల్లంలో, ఫిబ్రవరి రెండో సోమవారం పగలు పదకొండింటికి శివపార్వతి వాట్సాప్ లింకు నొక్కింది. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ క్యాన్సరేనని గుంటూరులో చెప్పి పన్నెండు రోజులయింది. మొదటి కీమో గురువారం. ఆ రోజే వెళ్లాలా, నెలాఖరుకి మిరప రెండో కోత ముగిశాక వెళ్లాలా అన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు.

లింకు పంపింది ఆసుపత్రి నర్సు దేవకుమారి.

"నూట అరవై మంది ఆడవాళ్లున్నారు. అందరికీ ఇదే జబ్బు. అడిగి తెలుసుకో, భయం పోద్ది."

"నా నంబరు వాళ్లకి కనపడదా?"

"కనపడుద్ది. పేరు మాత్రం నీ ఇష్టం."

పది రోజులు ఆ లింకును తెరవలేదు. ఫోన్‌లో తన ఫొటో తీసేసి మిరపకాయల ఫొటో పెట్టింది. గ్రూపులో ఊరివాళ్లు ఎవరైనా ఉంటే, కోతకొచ్చే కూలీలు ఇక తన బిందెలో నీళ్లు తాగరేమో.

చేరినవాళ్లు పేరు, ఊరు, జబ్బు ఎక్కడో గొంతుతో చెప్పాలి. టైపు చేయడం రానివాళ్లు ఎక్కువ కాబట్టి అక్కడి పద్ధతి అది. ఈ జబ్బు పక్కన బతికున్న మనిషి పేరు పెడితే ఆ మనిషికి కీడని శివపార్వతి నమ్మకం. ఊళ్లో అందరి నమ్మకమూ అదే. పోయినవాళ్లకైతే ఏమీ కాదు. అందుకని ఆరేళ్ల కిందట పోయిన అత్తగారి పేరు చెప్పింది. అత్తగారు ఆమెకు మేనత్త కూడా. నాన్నకు అక్క.

"నా పేరు వెంకటరావమ్మ. దర్శి దగ్గర. ఎడమ పక్క."

పదకొండు నిమిషాలు గడిచాయి. తర్వాత ఒక వాయిస్ వచ్చింది. పేరు నస్రత్, గుంటూరు అని ఉంది.

"వెంకటరావమ్మక్కా, ఉన్నావా నువ్వు? నస్రత్‌ని, నీ పక్క కుర్చీ. ఆరేళ్ల కిందట రెండుసార్లు కీమో ఎక్కించుకుని, మిరప కోతయ్యాక వస్తానని పోయావు. మూడోసారి నర్సు నీ పేరు పిలిస్తే నేనే వరండాలోకెళ్లి వెతికా. పోయావనుకున్నాం."

శివపార్వతి కాయలు ఆరబోసిన బరకం అంచున కూర్చుంది. అత్త పోయింది కామెర్లతో. ఇంట్లో అందరికీ తెలిసింది అంతే.

భర్త పేరయ్య కల్లం అవతలి కొసన రంగు పోయిన తాలుకాయ ఏరుతున్నాడు.

"బావా, అత్త చనిపోయిన యేడు గుంటూరు ఎందుకెళ్లేది?"

"కాయ రేటు కనుక్కోడానికి."

"దానికి బస్సెక్కి పోవాలా?"

"నేనూ అదే అడిగా. ఇంతెత్తున లేచింది." అతను ఏరడం ఆపాడు. "ఇందాక అమ్మ గొంతు వినపడింది పార్వతీ. తలెత్తి చూస్తే నువ్వు ఫోన్లో మాట్లాడుతున్నావు."

నస్రత్ నుంచి రెండో వాయిస్ వచ్చింది. ఈసారి శివపార్వతి ఫోను చెవికి ఆనించుకుంది.

"గొంతు ఏం మారలేదక్కా. ఒకటి చెప్పు. తమ్ముడి కూతుర్నే కోడల్ని చేసుకున్నా, ఇది రక్తంలో వస్తదంట, పిల్ల బెదురుద్ది, చెప్పనన్నావు. చెప్పమని నీతో పోట్లాడా. చెప్పావా?"

పిల్ల అంటే తనే.

ఆమె గ్రూపులోంచి బయటికి పోవడానికి వేలు పెట్టింది. అప్పుడే కింద ఇంకో మెసేజ్ పడింది. ఒంగోలు నుంచి శ్రీరమ్య అనే అమ్మాయి టైపు చేసింది: "ఆంటీ, రెండు కీమోలతో ఆపేసి ఆరేళ్లు బాగున్నారా? నాకు రెండయ్యాయి. నా వల్ల కావట్లేదు. నేనూ ఆపేస్తాను."

శివపార్వతి వేలు తీసింది. ఆ మాట రెండుసార్లు చదివింది. మైకు నొక్కింది.

"అమ్మా, ఆపొద్దు. వెంకటరావమ్మ లేదు. ఆ కోత ముగిసిన నెలకి పోయింది. ఆమె మేనకోడల్ని నేను, కోడల్ని కూడా. పేరు శివపార్వతి. నాకెవరూ చెప్పలేదు నస్రత్ గారూ. మీరు చెబుతుంటే ఇప్పుడే తెలిసింది."

తర్వాత శ్రీరమ్య రాసింది: "మీకు ఎన్ని అయ్యాయి?"

"ఇంకా మొదలవలేదు. గురువారం రమ్మన్నారు."

"వెళ్తున్నారా మరి?"

ఆమె ఆరుతున్న కాయల వైపు చూసింది. "వెళ్తున్నా" అని చెప్పింది.

నస్రత్ చివరి వాయిస్ తొమ్మిది సెకన్లు.

"కుడి చేతి గాజులు ఇంట్లోనే తీసి రా తల్లీ. జబ్బు ఎడమ పక్కైతే సూది ఆ చేతికే వేస్తారు. అక్కకి తియ్యాలంటే ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది."

శివపార్వతి కుడి చేతికి ఉన్నవి ఆ గాజులే. అత్త పోయిన రోజు ఒంటి మీద నుంచి తీసి, పదో రోజున కోడలికిచ్చారు. ఒకదాన్ని పట్టుకుని లాగింది. రాలేదు. లేచి, నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లి సబ్బు తీసుకుంది.