మొదటి దోసిలి

టేకల్ దగ్గర రైలు ఆగి పావుగంటయింది. వెనకాల వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వాలట. అంబరీష్ లేచి తలుపు దాకా వెళ్ళాడు, తొంగిచూశాడు, వచ్చి కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. పక్కనున్న పూలబుట్ట ఆవిడకు విసుగొచ్చింది. "ఏమప్పా, నువ్వు లేస్తే బండి పోతాదా? సుమ్నె ఊరికే కూర్చో," అంది.

కూర్చోవడం అతని వల్ల కావడం లేదు. పది గంటలకు ఊళ్ళో చెరువుకు బాగినం. చేటలో పసుపు, కుంకుమ, గాజులు, రవికెగుడ్డ, కొబ్బరికాయ పెట్టి, నిండిన చెరువులో గంగమ్మకని వదులుతారు. వదిలాక ఆ నీళ్ళే దోసిట్లోకి తీసుకుని తీర్థమని తాగుతారు. ఇవాళ మొదటి దోసిలి వాళ్ళమ్మ జయలక్ష్మమ్మది. ఆమె తాగితే వెనకున్న నలభైమంది ఆడవాళ్ళూ తాగుతారు. ఆ నీళ్ళు ఏం నీళ్ళో ఊళ్ళో అందరికన్నా బాగా తెలిసినవాడు మాత్రం ఇక్కడ రైల్లో ఇరుక్కున్నాడు.

అంబరీష్ పనిచేసేది వైట్‌ఫీల్డ్‌లో, పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్ కింద, కార్లు పెట్టే చోటుకు కూడా కింద. పైన మూడువందల ఇళ్ళు. పొద్దున్నే ఆ ఇళ్ళ కొళాయిలూ, ఫ్లష్షులూ అన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. అదంతా వచ్చి అతని తొట్లలో పడుతుంది. దానికి గాలి కొట్టి, బురద తీసి, వడగట్టి, మందు కలిపి తోటకూ, మళ్ళీ ఆ ఫ్లష్షులకే పంపాలి. ఆరేళ్ళ కిందట అతను చేరినప్పుడు గోడ వెనక ఒక్క రాగి చేను మిగిలి ఉండేది. ఇప్పుడక్కడ నాలుగు టవర్లు లేచాయి. ఒక్కో టవరు కింద ఒక్కో అంబరీష్. బెంగళూరు పైకి పెరుగుతోందని అందరూ నోరు తెరుచుకుని చూస్తారు. పెరిగిందంతా కిందికి ఎక్కడికి దిగుతోందో అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. వాసన వస్తే మాత్రం ఫోను చేసి అరవడానికి మూడువందల ఇళ్ళూ సిద్ధం.

అమ్మతో "నీళ్ళ ప్లాంట్‌లో పని" అని మాత్రం చెప్పాడు. అబద్ధమేం కాదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ సగం మాటే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

బెంగళూరు వాడుకుని వదిలిన నీళ్ళను శుద్ధి చేసి పైపుల్లో వాళ్ళ జిల్లాకు పంపుతున్నారు. ఆ నీళ్ళు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పారుతూ పోయిన నెలలో బూదికోట పక్కనున్న వాళ్ళ ఊరికి చేరాయి. పద్దెనిమిదేళ్ళు తుమ్మచెట్లు తప్ప ఏమీ లేని చెరువు నిండి, పొర్లి, అలుగు పారింది. గట్టు మీద 'శుద్ధీకరించిన నీరు' అని బోర్డు పాతారు. ఊరి పెద్ద దొడ్డమునియప్ప కళ్ళద్దాలు పెట్టుకుని అది చదివాడు. "శుద్ధి చేసి పంపినారంట! ఇంగ తీర్థం గాక ఏంది?" అన్నాడు. ఆ ఊళ్ళో శుద్ధి అంటే పుణ్యాహం, పంచగవ్యం, మామిడాకుతో చల్లడం. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని ఎవరికీ తట్టలేదు. కింద చిన్న అక్షరాల్లో తాగరాదని రాసినదాని జోలికి ఎవరూ పోలేదు. జయలక్ష్మమ్మ బావిలో ఊట తిరిగింది. ఎండిన మల్బరీ తోట చిగురేసింది. మూలన పడేసిన పట్టుపురుగుల తట్టలు దించి కడుక్కుంటూ ఆమె వీధి వీధినా చెప్పింది. "మావాడే పంపిచ్చినాడు. నీళ్ళ ప్లాంట్‌లో ఉండాడు గదా!"

ఆమె భర్త పోయి తొమ్మిదేళ్ళు. అప్పటినుంచి ఏ శుభకార్యంలోనూ ఆమె చేతికి చేట ఇచ్చినవాళ్ళు లేరు. పెళ్ళయితే వంట పొయ్యి దగ్గర, సీమంతమయితే వెనక గదిలో. అలాంటిది, దొడ్డమునియప్ప భార్య చిన్నవెంకటమ్మ తనంతట తానే వచ్చి, "నీళ్ళు తెచ్చినోడి తల్లివి, నీకేం తక్కువ? మొదటి బాగినం నీదే," అందట. నిన్న సాయంత్రం ఫోన్లో ఆ సంగతి చెబుతూ అమ్మ మాట మాటకూ నవ్వుతోంది.

"పెట్టెలోంచి పచ్చ చీర తీసినాను. నువ్వు రావాలప్పా."

"అమ్మా, ఆ నీళ్ళు..."

"ఏందప్పా?"

"ఏం లేదు. వస్తాను."

ఆ 'ఏం లేదు' తలుచుకుంటే తన చెంప తానే వాయించుకోవాలనిపించింది. నిజం చెబితే అమ్మ చేతిలోంచి చేట లాగేస్తారు. చెప్పకపోతే ఆ నీళ్ళు ఆమె గొంతులోకి పోతాయి. నేలలోకి ఇంకడానికి అవి ఎంత మంచివో, గొంతులోకి అంత కూడనివి. రెండిట్లో ఏది పాపమో తేలకముందే రైలు కదిలింది.

బంగారపేటలో దిగి ఆటో ఎక్కాడు. దారిలో సూపర్‌వైజర్ ఫోను. రెండో మోటారు ఆగిపోయిందట, పైన ఇళ్ళవాళ్ళు గగ్గోలు పెడుతున్నారట, సాయంత్రానికి డ్యూటీలో ఉండాలట. సరే సరే అని పెట్టేసి, డ్రైవరును ఇంకా తొందరపెట్టాడు.

గట్టెక్కేసరికి తమట డప్పులు మోగుతున్నాయి. "వచ్చినాడప్పా మన భగీరథుడు!" అంటూ దొడ్డమునియప్ప మెడలో చామంతి దండ వేశాడు. అంబరీష్ ఆ దండతోనే జనాన్ని తోసుకుంటూ మెట్ల దగ్గరికి దిగాడు. పచ్చ చీరలో అమ్మ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉంది. చేట అప్పటికే వదిలేసింది, అది ఊగుతూ దూరం పోతోంది. ఆమె దోసిట్లో నీళ్ళున్నాయి. వెనక వరసగా ఆడవాళ్ళంతా వంగి తమ దోసిళ్ళు ముంచుతున్నారు.

ప్యాంటు తడుస్తున్నా పట్టించుకోకుండా దిగి, ఆమె చెవి దగ్గర వంగాడు. "తాగొద్దమ్మా. అవి మోరీ నీళ్ళు."

ఆమె తల తిప్పలేదు. మొహంలో ఏ మార్పూ లేదు. దోసిలి పెదాల దాకా ఎత్తి, అక్కడ ఆపింది. ఆమె గిర్రున తిరిగి, రెండడుగులు వేసి గట్టెక్కి, ఆ నీళ్ళను పొడి మన్ను మీద పోసింది.

"తాగొద్దండి ఎవురూ!" అంది గట్టిగా. "పద్దెనిమిదేండ్లు ఈ భూమి నోరెండి పడుండాది. మొదటి తీర్థం దానికి పొయ్యాల. అది తాగినంక బావిలో మనకిస్తాది, అప్పుడు తాగుదాం."

తమటలు ఆగిపోయాయి. చిన్నవెంకటమ్మ దోసిలి అలాగే పట్టుకుని మొగుడి వైపు చూసింది. దొడ్డమునియప్ప అంబరీష్ వైపు చూశాడు. "ఏమప్పా, ఇట్లా పద్ధతి ఉండాదా?"

"అదే పద్ధతి," అన్నాడు అంబరీష్. "చెరువులో నీళ్ళు నేలకు. నేల వడగట్టి ఇచ్చిందే మనకు. ఆ బోర్డు మీద కూడా రాసినారు, కింద చూడు పెద్దాయనా."

చిన్నవెంకటమ్మ ఒక క్షణం ఆలోచించి, వచ్చి మన్ను మీద పోసింది. ఆమె వెనక ఒక్కొక్కరే పోశారు. తమటలు మళ్ళీ మొదలయ్యాయి.

ఇంటికొచ్చి అమ్మ రాగి సంగటి పెట్టింది. ఆమె అరచేతుల్లో పసుపు ఇంకా తడిగానే ఉంది. ముద్ద పక్కన పెట్టి అంబరీష్ అడిగాడు. "నేను చెప్తే నువ్వు ఉలిక్కిపడను కూడా లేదే. నీకు ముందే తెలుసునా?"

"ఆరేండ్లుగా నెలకు రెండుమార్లు గుడ్డల మూట తెస్తాండావు. ఉతికేది ఎవురు? యాడ పనిచేస్తావో గుడ్డలు చెప్పవా? నువ్వు శుద్ధి చేసేది ఏం నీళ్ళో నాకు తెలీదనుకున్నావా?"

"మరి ఊరంతా నేను పంపినానని ఎందుకు చెప్పినావు?"

ఆమె అరచేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "చేట పట్టుకోవాలని ఆశయింది. తొమ్మిదేండ్లు గదప్పా." చేతులు ముడిచి అతని వైపు చూసింది. "నా ఆశకు వాళ్ళ చేత ఆ నీళ్ళు తాగిపిస్తానా? ఏం చెప్పాల, యాడ పారబొయ్యాల అని రాత్రంతా కన్ను మూయలే. నువ్వొచ్చి చెవిలో చెప్పంగానే ధైర్యమొచ్చింది."

అతనికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. జేబులో ఫోను మోగుతూనే ఉంది, ఆ మోటారు ఇంకా తిరగలేదు. చెయ్యి కడుక్కుని లేచాడు.

గడప దాకా వచ్చి అమ్మ అతని ఖాళీ చేతులు చూసింది. "మూట యాడ? ఈతూరి తేలేదే?"

"ఇంక నేనే ఉతుక్కుంటానులేమ్మా."

"ఏం, నాకు తెలిసిపోయిందని సిగ్గా? వచ్చేమారు తీసుకోని రా." ఆమె పెరటి వైపు చెయ్యి చూపించింది. "ఇప్పుడు బావిలో నీళ్ళుండాయి గదా."