నీళ్లు పీల్చని మహారాణి

డాక్టరు నా చేతులు అటూ ఇటూ తిప్పి చూసి తేల్చి చెప్పాడు. "చేతులు తడపకండమ్మా. సబ్బు, నీళ్లు, అంట్లు, ఏవీ వద్దు. రబ్బరు తొడుగులు కూడా మీ చర్మానికి పడవు. ఈ తడి మానకపోతే నేనిచ్చే మందు దండగ." పక్కనే కూర్చున్న మా ఆయన శ్రద్ధగా తల ఊపారు. పెళ్లయిన ఇన్నేళ్లకి నా గోడు ఆయన చెవిన పడిందని నేను నిజంగానే సంబరపడ్డాను.

దారి పొడుగునా ఆయన ఏదో ఆలోచిస్తూనే ఉన్నారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ బయటపెట్టారు.

"సమస్యేంటో దొరికిందోయ్. మన వంటింట్లో తువ్వాళ్లు బాలేవు."

"తువ్వాళ్లా?"

"చేతులు తడిగా ఉండకూడదన్నాడా లేదా? మరి తడిగా ఎందుకుంటున్నాయి? తుడుచుకునే గుడ్డ సరైంది కాక. నేను చూసుకుంటాలే, నువ్వు నిశ్చింతగా ఉండు."

మా ఆయన స్క్రూల ఫ్యాక్టరీలో తనిఖీ అధికారిగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఒక్కో స్క్రూనీ వెలుతురుకి ఎత్తి చూసి, 'పనికిరాదు' అని పక్కన పడేసిన మనిషి. ఇంట్లో కూర్చున్నాక పడేయడానికి ఏమీ దొరక్క కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. అంట్లకి మనిషిని పెట్టుకుందామంటే "ఇద్దరి గిన్నెలకి మనిషెందుకు?" అనేవారు. ఆ ఇద్దరిలో తోమేది ఒక్కరే అన్న చిన్న విషయం ఆయన తనిఖీకి ఎప్పుడూ రాలేదు. నాకేమో వేళ్ల కణుపుల దగ్గర చర్మం చీలిపోయింది. పిడికిలి బిగిస్తే నెత్తురు చిమ్మేది, చదువుకుందామని పుస్తకం పట్టుకుంటే కాగితానికి మరకలయ్యేవి.

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని ప్రింటింగ్ షాపుకి బయల్దేరారు. పొడుగాటి బల్ల, గోడకి ఆనించిన చెక్క చట్రాలు, తాడు మీద ఆరుతున్న సంచులు, ముక్కు బద్దలయ్యే రంగు వాసన. షాపు ఆవిడ మోచేతుల దాకా నీలం రంగుతో ఎదురొచ్చింది.

"మా ఆవిడకి ప్రత్యేకంగా చేయించాలమ్మా. మధ్యలో 'వంటింటి మహారాణి' అని ఉండాలి. పైన కిరీటం" అన్నారు ఈయన, రాజ్యం రాసిచ్చే ధోరణిలో.

ఆవిడ నా చేతుల వంక ఓసారి చూసి, గుడ్డల కట్ట విప్పింది. "ఇది పాలిస్టర్ సార్. వేడి మిషన్లో పెట్టి నొక్కితే ఎన్ని రంగులైనా ఫొటోలా దిగుతాయి. కానీ నీళ్లు పీల్చదు, వేడికి ఆగదు. ఇది కాటన్. దీని మీద చట్రంతో అచ్చు వేస్తాం. రంగుకో చట్రం కావాలి. ఇది లినెన్. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది, తడి బాగా లాగుతుంది, చూడ్డానికి మాత్రం ఎప్పుడూ ముడతలే."

తుడవడానికి ఏది మంచిదో చంటిపిల్లకైనా అర్థమయ్యేలా చెప్పింది. మా ఆయన వెంటనే పాలిస్టర్ తీసుకున్నారు. కిరీటంలో రాళ్లు మెరవాలట.

నమూనా వచ్చింది. రాళ్లు మెరిశాయి. నేను తడి పళ్లెం తుడిస్తే నీళ్లు ఈ అంచు నుంచి ఆ అంచుకి షికారు వెళ్లొచ్చాయి తప్ప గుడ్డలోకి దిగలేదు.

"నువ్వు సరిగ్గా తుడవడం లేదు" అన్నారు.

అప్పుడు తట్టింది నాకు. "నిజమే సుమండీ. నేను తుడిస్తే మీరు ప్రేమగా చేయించారన్న మొహమాటం అడ్డొస్తుంది. తనిఖీ అన్నాక తనిఖీ అధికారే చెయ్యాలి. తుడవాలంటే గిన్నెలు అప్పుడే కడిగినవై ఉండాలి. ఎంత సబ్బు వాడారో, ఎన్ని నీళ్లు పోశారో కూడా తుడిచే మనిషికే తెలిసుండాలి. లేకపోతే అదేం పరీక్ష?"

రిటైరయ్యాక ఆయన్ని అధికారి అన్నవాళ్లు లేరు పాపం. చొక్కా చేతులు మడిచారు. ఆ పూట అంట్లన్నీ ఆయనే తోమి, అదే గుడ్డతో పొయ్యి మీది మూకుడు దింపబోయారు. కిరీటం మూకుడికి అతుక్కుపోయింది. మహారాణిని గరిటెతో గోకి తీశాం.

"పాలిస్టర్ పనికిరాదు" అని తీర్పు ఇచ్చారు. ఆ మాట అంటుంటే ఎన్నాళ్లకో ఆయన మొహంలో కళ వచ్చింది.

తర్వాత కాటన్. కిరీటం ఎగిరిపోయింది, ఎర్ర రంగు ఒక్కటే మిగిలింది, అక్షరాలు మాత్రం ఈ చివర్నుంచి ఆ చివరకి. షాపు ఆవిడ అంత పెద్ద చట్రం ప్రత్యేకంగా చేసింది. రోజూ పరీక్షే. పొద్దున కాఫీ గిన్నెల పరీక్ష, మధ్యాహ్నం కుక్కర్ పరీక్ష, సాయంత్రం పెనం పరీక్ష. నేను సోఫాలో కూర్చుని మందు రాసుకుంటూ, "ఆ గరిటె వెనక్కూడా పరీక్షించారా?" అని అడుగుతూ ఉండేదాన్ని.

ఒకరోజు తువ్వాలు ఎత్తి వెలుతురుకి పెట్టి చూశారు. "అక్షరాలున్న చోట నీళ్లు పీల్చడం లేదోయ్. రంగు పొర అడ్డొస్తోంది. 'మహారాణి' ఉన్నంత మేరా దండగే."

"ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు" అన్నాను. ఆయన గుడ్డ గురించే అనుకున్నారు.

అక్కణ్నుంచి మహారాణికి చెడ్డ రోజులు మొదలయ్యాయి. మొదట సగానికి తగ్గింది. తర్వాత ఒక మూలకి చేరింది. గుడ్డ లినెన్‌కి మారేసరికి బొటనవేలి గోరంత అయింది. అయినా పూర్తిగా వదలడానికి ఆయనకి మనసొప్పలేదు. "నీ మీద గౌరవం కదా" అనేవారు, గిన్నె రుద్దుతూ.

ఒక సాయంత్రం నా పక్కన వచ్చి కూర్చున్నారు. "ఏమోయ్, ఆ తెల్ల ట్యూబు ఎక్కడ పెట్టావ్? వేళ్ల సందుల్లో ఒకటే మంట." ఇచ్చాను. రాసుకుంటూ నా చేతుల వంక చూసి ఆగిపోయారు. చీలికలు పూడిపోయి, కొత్త చర్మం వచ్చింది. "అరె, నీకు తగ్గిపోయిందే! చూశావా, తువ్వాలు పనిచేసింది!"

అంతవరకూ నవ్వుకుంటూ నెట్టుకొచ్చాను గానీ, ఆ మాటతో ఒళ్లు మండిపోయింది.

"తువ్వాలు కాదండీ! నేను నెల పైనుంచీ నీళ్లు ముట్టలేదు, అందుకే తగ్గింది. ఆ డాక్టరు మీ ఎదురుగానే చెప్పాడు, చేతులు తడపొద్దని. తువ్వాలు మార్చమని కాదు. ఇన్నేళ్లూ నాకు ఆ మంట ఉంది. నెత్తురు కారే చేతులకి మహారాణి అని రాసిన గుడ్డ ఇస్తారా? ఎంత ఏడుపొచ్చిందో మీకేం తెలుసు?" అన్నాను.

ఆయన ట్యూబు మూత పెట్టారు. మళ్లీ తీశారు. పొద్దున్నే లేచి ఒక్కరే షాపుకి వెళ్లొచ్చారు. తనిఖీ ముగిసింది, ఇక అంట్లు నావే అని నేను మనసు గట్టి చేసుకున్నాను.

వారం తిరక్కుండా కట్ట వచ్చింది. అన్నీ తెల్ల లినెన్ తువ్వాళ్లు. తిప్పి చూశాను, మడతలు విప్పి చూశాను. ఎక్కడా ఒక్క అక్షరం లేదు. మేకుకి తగిలించుకునేందుకు మూలన ఉచ్చు మాత్రం ఉంది. అడుగున ముదురు గోధుమరంగు ఏప్రన్ ఒకటి. నేను కట్టుకుంటే కాళ్లకి అడ్డం పడేంత పొడుగు. ఆయన అది నా చేతిలోంచి తీసుకుని, మెడలో వేసుకుని వంటింట్లోకి వెళ్లారు.

అదే రోజు సాయంత్రం మా ఆడపడుచు వచ్చింది. అన్నయ్య అంటే దానికి ప్రాణం. ఆయన చేత మంచినీళ్లు కూడా ముంచుకోనివ్వని మనిషి. తిన్నగా వంటింట్లోకి వెళ్లి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. ఆయన సింకు దగ్గర నుంచి ఇటు తిరిగారు. ఛాతీ మీద ఈ భుజం నుంచి ఆ భుజం దాకా, ఎర్రటి పెద్ద అక్షరాల్లో 'వంటింటి మహారాణి'.

"ఇదేం అవతారం అన్నయ్యా?"

"పెద్ద చట్రం చేయించేశాం కదమ్మా, ఊరికే పోతుందని వేయించాను. ఛాతీతో గిన్నెలు తుడవం కాబట్టి నీళ్లు పీల్చకపోయినా నష్టం లేదు."

"అది కాదు. వదిన ఉండగా నువ్వు అంట్లు తోమడమేంటి?"

నేను హాల్లో కూర్చుని అంతా వింటున్నాను. ఇప్పుడు తువ్వాళ్ల కథ మొదలుపెడతారనుకున్నాను.

"మీ వదిన చేతులు తడపకూడదని డాక్టరు చెప్పాడు" అన్నారు ఆయన. "నాకు కాస్త ఆలస్యంగా వినిపించింది."