పిచర్ చేతికి విశ్రాంతి

పూరీపిండి పిసుకుతుంటే కుడి భుజం మళ్ళీ కలుక్కుమంది. హాల్లో మా ఆయన విష్ణువర్ధన్ యూనివర్సిటీ బేస్‌బాల్ క్లబ్బు కమిటీని కూర్చోబెట్టుకుని, వచ్చే సీజన్‌కి రూల్స్ ఎలా మార్చాలో మాట్లాడుతున్నాడు. ఈ దేశానికి చదువుకోడానికొచ్చినప్పుడు ఆ టీములో ఆడాడు, ఇప్పుడు సెక్రటరీ. టార్నీట్‌లో మా ఇంట్లో మీటింగంటే పూరీ, బంగాళాదుంప కూర ఉండాల్సిందే. "మా సుందరి చేస్తుంది" అని ముందే చెప్పేస్తాడు. నన్నొక మాట అడిగితే అరిగిపోతాడు కాబోలు.

భుజం పట్టేసి ఏడాది దాటింది. జడ వేసుకోలేను. జాకెట్టు హుక్కులు మా అమ్మాయి శ్రీలేఖ పెట్టాలి. "చెయ్యి ఆడిస్తేనే వదులవుద్దమ్మా, మేము రోళ్ళు రుబ్బలేదూ?" అంటారు అత్తగారు వీడియో కాల్లో. "యాక్టింగ్‌కి అవార్డిచ్చెయ్యొచ్చు" అంటాడు ఈయన. వెయిటింగ్ లిస్టులో ఎదురుచూసి ఎదురుచూసి ఇప్పటికి ఆపరేషన్‌కి డేట్ వచ్చింది, మంగళవారం. ఆ మంగళవారం మీదే ప్రాణాలు పెట్టుకుని ఉన్నాను.

హాల్లో గొడవంతా బంతి విసిరే పిచర్ గురించి. సీజన్‌లో మ్యాచ్‌లు మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయట, కుర్రాళ్ళ భుజాలు పోతున్నాయట. ఒక మ్యాచ్‌లో విసిరినవాడికి నాలుగు రోజులు తప్పనిసరిగా విశ్రాంతి ఇవ్వాలట. ఇంకో రూల్ కూడా. నొప్పిగా ఉందని పిచర్ అంటే చాలు, కోచ్‌ని అడక్కుండా తనే ఆట మధ్యలోంచి వచ్చెయ్యొచ్చు. "నొప్పి వాడిది, కాదనడానికి మనమెవరం?" అన్నాడు మా ఆయన ఇంగ్లీషులో. ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని మా అమ్మమ్మ ఊరికే అనలేదు.

పూరీలు పట్టుకెళ్తే ప్రెసిడెంట్ మార్క్, పెద్దాయన, "మంగళవారం ఆపరేషన్ కదా, ఇవన్నీ ఎందుకు చేశావు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఈయన అందుకున్నాడు. "అది క్యాన్సిల్ చేశాను. శనివారం ఫైనల్స్ కదా, టీమంతటికీ ఫుడ్ ఎవరు చూస్తారు?" నావైపు తిరిగి తెలుగులో, "నీ మెయిల్లోంచి నేనే రాసేశాన్లే. మళ్ళీ లిస్టులో వేస్తారు. వేడి పూరీలు ఇంకో నాలుగు తే," అన్నాడు.

మార్క్ తన ప్లేట్లోకి చూసుకున్నాడు. ఒకాయన కూర ఇంకొంచెం వేసుకున్నాడు. తర్వాత ఆ రూల్స్ మీద ఓటింగ్ పెట్టారు. అందరి చేతులూ లేచాయి. మా ఆయనది అందరికంటే ఎత్తుగా, తల దాటి, ఎంత హాయిగా లేచిందో. ఆ చెయ్యి చూస్తే నాకు అసహ్యం వేసింది.

వంటింట్లోకెళ్ళి స్టవ్ కట్టేశాను. ఒత్తిన పూరీలు పీట దగ్గరే వదిలేసి, వచ్చి మార్క్ పక్కన కూర్చున్నాను.

"పూరీలేవీ?" అన్నాడు ఈయన.

"నొప్పిగా ఉంది. వచ్చేశాను," అన్నాను, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే. "పొద్దున్నే హాస్పిటల్‌కి ఫోన్ చేస్తాను. ఆ మెయిల్ నేను రాయలేదని చెప్తాను. మరెవరు రాశారని అడుగుతారు. అదీ చెప్తాను."