రెండో నంబరు గడి

ఫారం మాస్టారి భార్య వేళ్ళకి ముద్రలు లేవు. ఒకప్పుడు ఉండేవి, అరిగిపోయాయి. పదకొండేళ్ళుగా లాండ్రీలో ఇస్త్రీ చేస్తోంది. ఆవిరికీ, గంజికీ, మరకలు తీసే మందుకీ ఆ వేళ్ళు గోళీకాయల్లా నున్నబడ్డాయి. ఈ ఫోన్లు వచ్చేదాకా దానివల్ల ఎవరికీ నష్టం లేకపోయింది. ఫోన్‌కి మనిషి మొహం చూపిస్తే చాలదాయె, వేలు కూడా చూపించాలి. ఆవిడ పదిసార్లు వేలు పెడితే ఆ మహారాజు రెండుసార్లు గుర్తుపట్టేవాడు. మిగతా ఎనిమిదిసార్లూ ఎవరో పరాయిమనిషి తాకినట్టు ఒళ్ళు జలదరించి ఊరుకునేవాడు.

ఆ ఫోన్ మీదే ఆ ఇంటి ప్రాణం ఆధారపడి ఉంది. మాటవరసకి అంటున్నది కాదు. మాస్టారికి రెండు కిడ్నీలూ పాడై మూడేళ్ళయింది. వారానికి మూడుసార్లు యంత్రానికి తగిలిస్తే రక్తం శుభ్రపడుతుంది గానీ, మనిషి మాత్రం పిండేసిన బట్టలా ఇంటికొస్తాడు. పెద్దాస్పత్రి జాబితాలో ఆయన పేరుంది. చనిపోయినవాళ్ళెవరిదైనా సరిపడే కిడ్నీ దొరికిన రోజు ఫోన్ చేస్తారు. ఎత్తి, వస్తున్నామని చెప్పాలి. ఎత్తకపోతే రెండో నంబరుకి చేస్తారు. అదీ ఎత్తకపోతే జాబితాలో తర్వాతి మనిషికి చేస్తారు. బయటికి తీసిన కిడ్నీ మీరు తీరుబడిగా పలికేదాకా ఆగదు కదా.

మాస్టారంటే బడిపంతులు కాదు. ఆఫీసుల బయట చిన్న బల్ల వేసుకుని జనానికి ఫారాలు నింపిపెట్టడం ఆయన వృత్తి. ముప్ఫై ఏళ్ళలో ఆయన నింపిన ఫారం ఒక్కటి కూడా తిరిగిరాలేదు. గడి ఖాళీగా వదిలితే ఫారం తిరిగొస్తుందనేది ఆయన సిద్ధాంతం. తాతగారి పేరు తెలియదన్నవాళ్ళని కూడా కూర్చోబెట్టి, బుర్ర గోక్కునేలా చేసి, ఎలాగోలా గుర్తు తెప్పించి రాసేవాడు. ఒళ్ళు చెడ్డాక బల్ల పోయింది, చుట్టూ మూగే జనం పోయారు. ఫారం మాస్టారు రాస్తే తిరుగులేదన్న పేరు మాత్రం మిగిలింది. మంచం మీద పడుకుని ఆయన రోజూ నెమరేసుకునేది ఆ పేరునే.

యంత్రం దగ్గర్నుంచి వచ్చిన మర్నాడంతా ఆయన మత్తుగా పడుంటాడు. అందుకని ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. మెలకువగా ఉన్నవాళ్ళ దగ్గరే ఫోన్ ఉండాలి. ఆ రోజు ఆవిడ వంతు. ఇస్త్రీ పనికి చీర మీద కట్టుకునే ముందుగుడ్డ జేబులో ఫోన్ పెట్టుకుని పనిలోకి వెళ్ళింది.

పదిన్నర ప్రాంతంలో దుప్పటి పరవడానికి బల్ల మీదికి వంగినప్పుడు జేబులోంచి టక్కుమని చిన్న చప్పుడైంది. తీసి చూస్తే పగుళ్ళేం లేవు. వెలుగుతోంది, టైము చూపిస్తోంది. కానీ తెర పై సగం మాట వింటోంది, కింది సగానికి ఉలుకూ పలుకూ లేదు. చెంగుతో తుడిచింది. ఉఫ్ఫున ఊదింది. వేలు పెట్టింది, గుర్తుపట్టలేదు. బొటనవేలు పెట్టింది. ఎడమచేతి చూపుడువేలు కూడా పెట్టింది. మరీ ఎక్కువసార్లు ప్రయత్నించారు, ముప్ఫై సెకన్లు ఆగమంది ఫోన్.

పక్క బల్ల దగ్గర చొక్కాలు మడతపెట్టే అమ్మాయి చెవుల్లోంచి పాటల వైరు ఒకటి ఊడదీసి సలహా ఇచ్చింది. "ఒకసారి ఆపి వెయ్యి వదినా. మాదీ ఇలాగే చేస్తే దెబ్బకి దారికొచ్చింది."

ఆవిడ పక్క బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంది. ఫోన్ ఆరిపోయి, మళ్ళీ వెలిగి, తీరిగ్గా ఒక కబురు చెప్పింది. కొత్తగా వెలిగింది కాబట్టి వేలిముద్ర చెల్లదట, పిన్ కొట్టాలట. పిన్ అంటే వాళ్ళ పెళ్ళయిన సంవత్సరం. అందులో మూడంకెలు ఆ చచ్చిన కింది సగంలోనే ఉన్నాయి. ఉన్న ఒక్క కిటికీనీ తన చేత్తోనే మూసేసుకున్నానని అప్పుడర్థమైంది ఆవిడకి. మధ్యాహ్నం భోజనాల వేళ ఎదురుగా ఉన్న రిపేరు షాపుకి వెళ్దాంలే అనుకుంది. ఇన్నేళ్ళు రాని ఫోను ఈ గంటలోనే వస్తుందా అని మనసుకి సర్దిచెప్పుకుంది.

పదకొండూ ఐదుకి మోగింది.

తెర మీద పేరు లేదు, ఉత్త నంబరే ఉంది. తాళం తియ్యని ఫోన్‌కి పేర్లు కూడా గుర్తుండవు మరి. ఎత్తే ఆకుపచ్చ గుండ్రం సరిగ్గా కింది సగంలో ఊగుతోంది. ఆవిడ దాన్ని లాగింది. అది కదల్లేదు. వేలు గుడ్డకి తుడుచుకుని లాగింది. రెండు వేళ్ళతో లాగింది. గోరుతో గీకింది. అరచెయ్యి పెట్టి రుద్దింది. చివరికి ముక్కుతో కూడా నొక్కిందంటే ఆవిడ ఏ స్థితిలో ఉందో చూసుకోండి. ఫోన్ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు మోగుతూనే ఉంది. తర్వాత ఆగిపోయింది.

అయినా ఒక్క క్షణం ధైర్యం తెచ్చుకుంది. ఫర్వాలేదు, రెండో నంబరుకి చేస్తారు. రెండో నంబరు ఉందిగా.

ఆ మాట అనుకుంటూండగానే చేతిలో ఉన్న ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి తెర పై మూల, రెండో సిమ్ అని ఉంది.

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. ఆస్పత్రి ఫారం నింపిన రోజు కళ్ళముందు మెదిలింది. అంతకు నెల ముందే మాస్టారి పాత ఫోన్ చచ్చిపోతే, ఆయన సిమ్ తెచ్చి ఈవిడ ఫోన్లోనే వేసుకున్నారు. మొగుడూ పెళ్ళాల నంబర్లు రెండూ ఒకే గూట్లో కాపురం పెట్టాయని ఆ రోజు నవ్వుకున్నారు కూడా. ఫారంలో ఫోన్ నంబర్లకి రెండు గడులున్నాయి. మాస్టారు వణికే చేత్తోనే ముత్యాల్లాంటి అంకెలతో రెండు గడులూ నింపాడు. ఈవిడ పక్కనే నిలబడి అట్ట పట్టుకుంది. ఏ గడీ ఖాళీ లేదని చూసుకుని ఆస్పత్రివాళ్ళు ముద్ర కొట్టేశారు. రెండు నంబర్లు అడిగింది రెండు ఫోన్లు ఉంటాయని కదా. ఆ సంగతి మూడేళ్ళలో ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

మోగుతున్న ఫోన్ మీది నంబరు చూసి, చొక్కాలకి గుర్తులేసే పెన్నుతో ఎవరిదో తెల్లచొక్కా చేతిమడత మీద రాసేసింది. అది చెరగని సిరా. చివరి అంకె రాసేసరికి మోత ఆగిపోయింది. మడతల అమ్మాయి చేతిలోంచి ఆ పిల్ల ఫోన్ లాక్కుని ఆ నంబరుకి చేసింది. ఈ నంబరుకి బయటి కాల్స్ రావని ఒక గొంతు మర్యాదగా చెప్పింది. ఆస్పత్రి పెద్ద నంబరు వెతికి దానికి చేస్తే, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, మీ ఫోన్ మాకు చాలా ముఖ్యమైనది అంటూ వాయిద్యం మొదలుపెట్టింది. జాబితా చూసే అమ్మాయి సొంత నంబరు ఒకటుంది. అది ఈ తాళం పడ్డ ఫోన్లోనూ, ఇంట్లో మాస్టారి ఫైల్లోనూ తప్ప ఎక్కడా లేదు. ఇల్లు ముప్పావుగంట బస్సు ప్రయాణం.

ఆవిడ ముందుగుడ్డతోనే రోడ్డు దాటి పరిగెత్తింది.

రిపేరు షాపంటే మెట్లకింద అలమారంత జాగా. అందులో నెరిసిన మీసాలాయన భూతద్దం కంటికి తగిలించుకుని ఏదో గీకుతున్నాడు.

"అన్నయ్యా, ఇది తెరిచిపెట్టు. ఆస్పత్రికి చెయ్యాలి. ఇప్పుడే."

ఆయన మొహం ఎత్తి ఆవిణ్ణి చూసి, చేతిలో పని పక్కన పెట్టేశాడు. ముందు తెరమీది గాజుబిళ్ళ పీకాడు. స్పిరిట్‌తో తుడిచాడు. వెనక మూత విప్పి, సన్నటి పట్టీ ఊడదీసి మళ్ళీ బిగించాడు. కింది సగం కదల్లేదు.

"తాకిడి చచ్చిపోయింది చెల్లెమ్మా. తెర మార్చాలి. గంట పడుతుంది."

"గంట లేదన్నయ్యా," అంది ఆవిడ. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, సొరుగులోంచి బొటనవేలంత జాయింటు ఒకటి తీసి ఫోన్‌కి గుచ్చాడు. దాని రెండో కొసకి తన కంప్యూటర్ మౌస్ తగిలించాడు. తెర మీద చిన్న బాణం గుర్తు మొలిచింది. మౌస్ కదిపితే అది కింది సగంలోకి కూడా నిక్షేపంగా దిగింది.

"తెరకే దెబ్బ. లోపల ఫోన్ బతికే ఉంది," అన్నాడాయన. "పిన్ చెప్పండి."

పెళ్ళి సంవత్సరం చెప్పింది. తాళం ఊడింది. ఆస్పత్రి అమ్మాయి పేరు మీద బాణం పెట్టి నొక్కి, స్పీకర్ వేసి, ఆయన మామూలుగా అన్నాడు. "కాల్ వచ్చినప్పుడు పాటల వైరు గుచ్చి, దాని మీద బటన్ నొక్కినా ఎత్తేది చెల్లెమ్మా. దానికి తెరతో పనిలేదు."

మడతల అమ్మాయి చెవుల్లోంచి పొద్దుటినుంచీ వేలాడుతున్న వైరు ఆవిడ కళ్ళముందు ఆడింది. రెండడుగుల దూరంలో ఉంది అది. చెయ్యి చాస్తే అందేది. ఆవిడకి ఆ క్షణాన బతకాలనిపించలేదు.

అవతల ఫోన్ ఎత్తారు. ఆవిడ మాస్టారి పేరూ, జాబితాలో నంబరూ గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"మీకు రెండు నంబర్లకీ చేశామండీ," అంది ఆస్పత్రి అమ్మాయి. "ఎవరూ ఎత్తలేదు."

"చేతిలోనే ఉందమ్మా. తెర పనిచెయ్యలేదు. ఇప్పుడే బయల్దేరతాం. ఆయన రాత్రినుంచీ ఏమీ తినలేదు కూడా. మీరు రమ్మన్న టైముకి అక్కడుంటాం."

కాసేపు కాగితాల చప్పుడు వినపడింది. "తర్వాతివాళ్ళకి చేసేశామండీ. వాళ్ళు ఒప్పుకున్నారు. పది నిమిషాలైంది, దారిలో ఉన్నారు."

"వాళ్ళకి ఒకసారి చెప్పి చూడమ్మా. మా తర్వాతివాళ్ళేగా. మా వంతేగా అది."

అడగకూడని మాట అడిగానని ఆవిడకి తెలుసు. అయినా అడిగింది. ఎవరి ప్రాణం వాళ్ళకి తీపే, దారిలో ఉన్నవాళ్ళకీ తీపే. ఆ క్షణంలో ఆ న్యాయమంతా ఆవిడకి పట్టలేదు. వాళ్ళు ఎక్కిన బండి చెడిపోతే బాగుణ్ణని అనుకుంది, అనుకున్నందుకు చెంపలు వేసుకుంది, మళ్ళీ అదే అనుకుంది.

"అలా కుదరదమ్మా," అంది ఆస్పత్రి అమ్మాయి. అండీ పోయి అమ్మా వచ్చింది. "మీ పేరు ఎక్కడున్నది అక్కడే ఉంది, తియ్యం. మళ్ళీ ఎప్పుడన్నది మాత్రం నేను చెప్పలేను. మీ రెండో నంబరు వేరే మనిషిది ఏదైనా ఉంటే ఇవ్వండి, ఇప్పుడే మారుస్తాను."

ఆవిడ వెతుక్కున్నట్టు అటూ ఇటూ చూసింది. అయినవాళ్ళు లేక కాదు, ఒక్క నంబరూ నోటికి రాలేదు. మీసాలాయన ఫోన్ వైపు వంగి తన నంబరు తనే చెప్పాడు. "రాసుకోండమ్మా. ఏ వేళ చేసినా ఎత్తుతాను. చెల్లెలి ఇల్లు కూడా కనుక్కుని ఉంచుకుంటాను."

ఆవిడ అప్పుడు ఏడ్చింది. పక్క షాపులవాళ్ళు తొంగిచూసేలా, ముందుగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన తలెత్తకుండా తెర మార్చడం మొదలుపెట్టాడు.

ఇంటికి వెళ్ళేసరికి మూడైంది. బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే ఆలోచన. చెప్పకుండా దాచడం కుదరదు, రేపో ఎల్లుండో యంత్రం దగ్గర ఎవరో ఒకరు అనేస్తారు. చెప్పాలి. ఉన్నదున్నట్టు చెబితే ఆయన అడిగే మొదటి మాట రెండో నంబరు గురించే. అప్పుడు రెండో గడి ఎవరు నింపారో ఆయనకే గుర్తొస్తుంది. ఒంట్లో కిడ్నీలు పనిచెయ్యకపోయినా మూడేళ్ళు నెట్టుకొచ్చిన మనిషి, ఆ గడి సంగతి తెలిశాక మూడు రోజులు కూడా నెట్టుకురాలేడు. ఆయన సంగతి ఆవిడకి తెలుసు.

మాస్టారు లేచి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. "ఏమే, ఇంత తొందరగా వచ్చావు?"

"ఆస్పత్రినుంచి ఫోన్ వచ్చిందండీ."

ఆయన కాళ్ళు కిందికి దించేశాడు. చెప్పుల కోసం పాదంతో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అది చూడలేక ఆవిడ గబగబా అనేసింది. "నేను ఎత్తలేదు. యంత్రాల రొదలో వినపడలేదు. తర్వాతివాళ్ళకి ఇచ్చేశారు."

వెతుకుతున్న పాదం ఆగిపోయింది. "రెండో నంబరుకి కూడా చేస్తారే."

"చేశారు. అప్పుడు ఫోన్ గోడకి తగిలించిన సంచీలో పెట్టి ఆవిరిగదిలోకి వెళ్ళాను. అదీ వినలేదు."

ఆయన అరిచాడు. మూడేళ్ళలో ఆ గొంతు అంత పైకి లేవడం ఆవిడ వినలేదు. నీ చేతిలో పెట్టాను చూడు, నాకు బుద్ధిలేదన్నాడు. ఇంతకన్నా గొంతు పిసికి చంపెయ్యవలసిందన్నాడు. కన్నవాళ్ళని కలిపి తిట్టాడు. ఆవిడ తలవంచుకుని గోడకి ఆనుకుని నిలబడి అన్నీ వింది. అరిచి అరిచి, ఊపిరందక ఆగి, ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు.

చాలాసేపటికి మెల్లగా అడిగాడు. "ఫారంలో ఏ పొరపాటూ లేదుగా?"

"మీరు రాసిన ఫారంలో పొరపాటెక్కడిదండీ."

"గడులన్నీ నింపాను."

"నింపారు. నేను పక్కనే ఉన్నానుగా."

"అయితే తప్పంతా నీదే."

"నాదేనండీ," అంది ఆవిడ.

ఆయన ఆ మాట పట్టుకుని వెనక్కి వాలాడు. దుప్పటి గడ్డందాకా లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు, కాసేపటికి నిద్ర కూడా పట్టింది. ఆవిడ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది.