ఎడమ స్పీకర్లో బల్లి

ఫిల్మ్ నగర్‌లో సినిమా శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ థియేటర్లో చేరి అప్పటికి ఏడాదైంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే కనుక ఉద్యోగం ఎప్పుడు పర్మనెంటవుతుందా అని అందరూ ఎదురుచూస్తుండేవారు. నేను రికార్డు చేసి తెచ్చిన అడవి శబ్దాలను నిర్మాత ఒప్పుకుంటే ఆ పని అయిపోయినట్టేనని మా సౌండ్ ఇంజనీరు జంగయ్యన్న మాటిచ్చాడు.

ఆ మధ్యాహ్నం నిర్మాత రామలింగంగారు భోజనం చేసి వచ్చి సోఫాలో కూర్చున్నారు. తెరమీద హీరో చీకట్లో అడవి దాటుతున్నాడు. కేరళ కొండల్లో రాత్రిళ్ళు తడుస్తూ నేను పట్టుకొచ్చిన కప్పలు, కీచురాళ్ళు, ఆకులమీంచి జారే చినుకులు గదంతా మోగాయి.

"ఏంటయ్యా ఈ గోల? తీసెయ్యండి. ఇది ఉంటే సినిమా పోతుంది," అన్నారాయన.

సరిగ్గా అప్పుడే ఎడమ స్పీకర్లో బల్లి టక్‌టక్‌మంది.

ఆయన సోఫా చేతిమీద వేలితో కొట్టి "కృష్ణ, కృష్ణ" అనుకున్నారు. "చూశారా! బల్లి కూడా పలికింది."

"అది రికార్డింగులోదండీ. అడవి బల్లి," అన్నాను.

"రికార్డింగైతే బల్లి కాకుండా పోతుందా?"

జంగయ్యన్న తొణక్కుండా ట్రాక్ వెనక్కి తిప్పాడు. "సార్, జర మళ్ళ ఇనుండ్రి. గీ చప్పుళ్ళుంటే మన సినిమా నూర్రోజులు ఆడతది."

టక్‌టక్.

పోతుందన్నా, ఆడుతుందన్నా బల్లి పలికేసరికి రామలింగంగారికి ఎటూ పాలుపోలేదు. ఇంటికి ఫోన్ చేసి జరిగింది చెప్పారు. ఆయన భార్య జ్ఞానప్రసూనాంబగారి గొంతు మా అందరికీ వినబడింది.

"మాటల సంగతి తర్వాత. ఏ దిక్కు నుంచి పలికింది?"

"ఎడమ స్పీకరు."

"ఎడమ ఒక దిక్కేనా? ఇన్ని సినిమాలు తీశారు, తూర్పు పడమరలు తెలియవా?"

కిటికీలు లేని గది. జంగయ్యన్న బయటికెళ్ళి సూర్యుణ్ణి చూసొచ్చాడు. "నైరుతి అయితదమ్మా."

"నైరుతా! ఇంకేమన్నా ఉందా? ఈశాన్యంలో పలికించండి. అప్పుడు అడవంతా ఉన్నా ఫర్వాలేదు."

బల్లిని వెనక కుడి స్పీకరుకి జరిపాం. రామలింగంగారు తృప్తిగా లేచి, గుమ్మం దగ్గర ఆగిపోయారు. "మరి సినిమా హాళ్ళన్నీ ఇటే తిరిగుంటాయా?"

ఆ ఒక్క ప్రశ్నతో నా ఉద్యోగం పర్మనెంటైంది. ఇప్పుడు దిక్సూచి పట్టుకుని ఊరూరా తిరుగుతూ, ఏ హాల్లో ఏ స్పీకరు ఈశాన్యమో చూసి బల్లిని మారుస్తున్నాను. కప్పలకు ఆ పట్టింపు లేదు.

నిన్న తణుకు దగ్గర ఒక హాల్లో తెరే ఈశాన్యంలో ఉంది. తెర వెనక స్పీకర్లో పెట్టిన బల్లి సరిగ్గా హీరో నోట్లోంచి పలికింది. జనం ఈలలు వేశారు. ఉద్యోగం పోయిందనుకుంటూనే రామలింగంగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఈశాన్యమేగా?" అన్నారు.

"ఈశాన్యమేనండీ."

"మరింకేం? అలాగే ఉంచు."