బిళ్లకు తొడిగిన కవరు

వారం రోజులుగా ఉమ్మే హబీబా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు. నాయుడుపేట దగ్గర బూట్ల ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా ఆమె పక్క బల్ల మీదే జిగురు పూసిన మునెమ్మకు రక్తంలో క్యాన్సరని తేలింది. జిగురు ఆవిరే కారణమంటాడు మునెమ్మ మొగుడు తిరుమలయ్య. రుజువేదీ అంటుంది కంపెనీ. కావచ్చు, కాకపోవచ్చు అంటాడు డాక్టరు. మునెమ్మ మాత్రం మంచం దిగడం లేదు.

ఈ పేచీ తేల్చడానికి సర్కారు అధికారి ఒకాయన వచ్చి హబీబా దుపట్టాకు చిన్న బిళ్ల తగిలించి పోయాడు. "షిఫ్టంతా ఉంచుకోమ్మా. జాగ్రత్త, ఖరీదైంది" అన్నాడే గాని, అదేం చేస్తుందో చెప్పలేదు. చదువుకున్నవాళ్లకు అసలు సంగతి చెప్పడం ఎప్పుడు చేతనైంది గనక! హబీబా ఇంట్లో టీవీ రిమోట్‌కు మూడేళ్లయినా కవరు విప్పలేదు. ఇదేమో పరాయి సొత్తు, పైగా మునెమ్మ గతి తేల్చే సొత్తు. జిగురు చుక్క పడకుండా దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు బిగించింది. సాయంత్రం కవరు తీసేసి, కొత్తదానిలా తిరిగిచ్చింది.

ఈ రోజు తిరుమలయ్యను కూడా పిలిపించి, క్యాంటీన్లో అందరినీ కూర్చోబెట్టి ఫలితం చదువుతున్నారు.

"ఈ బిళ్ల తన చుట్టూ ఉన్న గాలిని పీల్చుకుని అందులో ఏముందో చెబుతుంది," అన్నాడు అధికారి. హబీబా చెయ్యి దుపట్టా మీద ఆ రోజు బిళ్ల తగిలించిన చోటికి పోయింది. "జిగురు విభాగంలో ఆవిరి ఆనవాలే లేదు."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. తిరుమలయ్య తువ్వాలు దులుపుకుని లేచాడు. హబీబా దుపట్టా కొస మెలిపెట్టింది, విప్పింది, మళ్లీ మెలిపెట్టింది. చెబితే నలుగురిలో నవ్వులపాలు. రేపట్నుంచి పనికి రావద్దన్నా అంటారు. చెప్పకపోతే మునెమ్మ మొహం ఎలా చూడడం? తిరుమలయ్య గుమ్మం దాటబోతుండగా ఆమె లేచి నిలబడింది.

"సార్, అది తప్పు. ఆ పొద్దంతా దానికి నేను కవరు తొడిగినాను. జిగురు అంటుకుంటాదని..."

క్యాంటీనంతా గొల్లుమని నవ్వింది. "మరి తప్పెవరిదమ్మా?" అన్నాడు మేనేజరు.

"నాదే సార్. ఇంగొకటి ఇయ్యండి. ఈతూరి ఏమీ తొడగను."

తిరుమలయ్య వెనక్కి వచ్చాడు.

"బిళ్లకు కవరు తొడిగినావు, సరే. ఇన్నేండ్లూ మీ ఇద్దరికీ ఈడ ఎవరేం తొడిగినారమ్మా?"

నవ్వులు ఆగిపోయాయి. అధికారి మేనేజరు వైపు చూడకుండా సంచిలోంచి ఇంకో బిళ్ల తీశాడు.