ఆఖరి బండి ఎక్కిన సత్యమ్మ

సంగంపేట పాత స్టేషన్ ఊరి నడిమధ్యలో ఉండేది. ఒకపక్క కూరగాయల అంగడి, ఇంకోపక్క బట్టల దుకాణాలు. నిజాం కాలంలో నల్లరాయితో కట్టిన కట్టడం. గద్వాల నుంచి వచ్చే చీరల మూటలూ చుట్టుపక్కల పల్లెల పల్లికాయ సంచులూ ఆ ప్లాట్‌ఫారం మీదనే బండి కోసం పడిగాపులు పడేవి. పెద్ద లైను వచ్చినప్పుడు పట్టాలు ఊరికి మూడు కిలోమీటర్ల అవతల వేశారు. మూతపడిన పాత స్టేషన్ కొన్నాళ్లు ఎరువుల గోదామైంది, కొన్నాళ్లు బడి అయింది, తర్వాత పావురాల పాలైంది. ఇప్పుడు మున్సిపాలిటీవాళ్లు దాన్ని గ్రంథాలయం చేస్తున్నారు. గోడ మీద స్టేషన్ చరిత్ర రాయించే పని కాలేజీ లెక్చరర్ జితేందర్‌కు అప్పగించారు.

యేసయ్య ఆ స్టేషన్‌లోనే పాయింట్స్‌మన్‌గా పనిచేశాడు. బండ్లకు పట్టాలు మార్చడం, జెండా చూపడం ఆయన పని. ఇప్పుడు డెబ్బై దాటాయి. పిల్లలు లేరు. భార్య సత్యమ్మ పోయి ముప్పై ఏళ్లు. అంగడి వెనక ఒంటిగదిలో ఉంటాడు. పెయింటర్ గోడ మీద రాస్తుంటే రోజూ పొద్దున వచ్చి, రాసినంతమేర చదువుకుని పోయేవాడు. ఒకనాడు చివరి వరుస దగ్గర ఆగిపోయాడు.

"ఆఖరి రైలులో ఈ స్టేషన్ నుంచి ఒక్కరు కూడా ఎక్కలేదు" అని ఉంది.

"సారూ, గా మాట తప్పు" అన్నాడు జితేందర్‌తో. "ఒక మనిషి ఎక్కింది. మా ఇంటామె. పానం బాగలేక కర్నూలు దవాఖానకు పోయింది."

జితేందర్ మర్యాదగానే చెప్పాడు. "పాత రిజిస్టర్ చూసి రాయించిన తాతా. ఆ దినం టికెట్లు సున్నా అని ఉంది. ఆధారం లేకుండ మారిస్తే రేపు నన్నే అడుగుతరు."

"అప్పుడు టికెట్లిచ్చిన మధుసూదన్ సారు గద్వాలల ఉన్నడు. ఆయన చెప్తే ఇంటరా?"

"ఎందుకు ఇనను?"

మరునాడు యేసయ్య బస్సెక్కాడు. గద్వాల పోయి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. మగ్గాల చప్పుడు వింటూ సందులో నడిచి, ఇద్దరు ముగ్గురిని అడిగి ఇల్లు పట్టుకున్నాడు. మధుసూదన్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చూపు మందగించింది. మనిషిని పోల్చుకోలేకపోయాడు గానీ గొంతు వినగానే పోల్చుకున్నాడు.

"యేసయ్యవు కదా? రా, కూసో."

వచ్చిన పని చెప్పాడు యేసయ్య.

"సున్నా రాసింది నేనే. సత్యమ్మకు టికెట్ ఎట్లిస్త? నీ రైల్వే నౌకరీ పాస్ మీద టికెట్ లేకుండనే పోయింది గద."

యేసయ్య ముప్పై ఏళ్లుగా ఆమె చేతిలో చిన్న అట్ట టికెట్ ఉన్నట్టే తలుచుకుంటూ వచ్చాడు. కాదు అని చెప్పడానికి ఇంట్లో ఇంకో మనిషి లేకపోయె.

"కానీ ఎక్కంగ నేను చూసిన" అన్నాడు మధుసూదన్. "నువ్వు అవతల కొసన పచ్చజెండా పట్టుకొని నిలబడ్డవు. సంచి నేనే అందిచ్చిన. నీకు ఒక మాట చెప్పమన్నది. చెప్పిన్నా?"

"ఏం మాట సారూ?"

"చెప్పలేదన్నమాట. ఆ దినం ఆఫీసర్లు, దండలు, ఫోటోలు. మర్చిపోయిన." మధుసూదన్ గొంతు తగ్గింది. "రొట్టెలు ఉట్టి మీద పెట్టిందట. జరసేపు ఇంటికి పోయి తిని రమ్మని చెప్పు సారూ, లేకుంటే ఉపాసమే ఉంటడు అన్నది."

ఆఖరి బండి పోయిన ఆ రోజు యేసయ్య ఇంటికి పోలేదు. సామాను లెక్కచూసి కొత్త స్టేషన్‌కు చేరవేయడంలో రెండు రోజులు అక్కడే గడిచాయి. సెలవు దొరికాక తనూ కర్నూలు పోదామనుకున్నాడు. మూడో రోజు ఇంటికొచ్చేసరికి ఉట్టి మీద రొట్టెలు బూజు పట్టి ఉన్నాయి. ఎన్నడు చేసిందో ఏమోననుకుని పారేశాడు. ఆ సాయంత్రమే కర్నూలు నుంచి కబురొచ్చింది. ఆమెను లారీలో తెచ్చారు.

"తప్పైంది యేసయ్యా" అన్నాడు మధుసూదన్.

"ఇప్పుడన్న చెప్తిరి గద సారూ."

మధుసూదన్ మనవరాలితో కాగితం రాయించి, సంతకం పెట్టాడు. అన్నం తిని పొమ్మని పట్టుబట్టాడు. యేసయ్య తిన్నాడు. బస్సులో వచ్చేటప్పుడు దారి పొడుగునా కిటికీవైపు తిరిగే కూర్చున్నాడు.

జితేందర్ కాగితం రెండుసార్లు చదివి, పెయింటర్‌ను పిలిపించాడు. పాత వరుస మీద సున్నం కొట్టించి, "ఆఖరి రైలులో ఇక్కడి నుంచి ఎక్కినవారు ఒక్కరే: సత్యమ్మ" అని రాయించాడు.

గ్రంథాలయం తెరిచిన రోజు చాలామంది వచ్చారు, చాయ్ తాగారు, పోయారు. ఒక కాలేజీ పిల్ల మాత్రం గోడ ముందు నిలబడి చివరిదాకా చదివింది.

"సత్యమ్మ ఎవరు తాతా?"

"మా ఇంటామె" అన్నాడు యేసయ్య.

ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆ పిల్ల తల ఊపి, గోడను ఫోన్‌లో ఫోటో తీసుకుని, స్నేహితులు పిలిస్తే వెళ్లిపోయింది. యేసయ్య లోపలికి పోయి బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్కడి ఉద్యోగి ఆయన ముందు పేపరు పెట్టాడు. కళ్లద్దాలు తెచ్చుకోలేదు. అయినా తాళం వేసేదాకా పేపరు పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.